ఆమ్ల నేలలో ఒక రకం నిలబడుతుంది, పక్క రకం గిడసబారుతుంది: తేడా ఎక్కడ?

ఎర్రచెలక (ప్రశ్న)

పై 15 సెంటీమీటర్ల మట్టికి భూసార పరీక్ష ఫలితం ఇది. పీహెచ్ 4.8. మార్పిడికి వీలున్న రూపంలో కాల్షియం 1.1, మెగ్నీషియం 0.4, పొటాషియం 0.2, అల్యూమినియం 1.3. ఇవన్నీ కిలో మట్టికి సెంటీమోల్ (ధనావేశం) లెక్కలో.

పంట మొక్కజొన్న, పక్కపక్కనే రెండు రకాలు. విత్తిన రోజు, ఎరువు, తడి అన్నీ ఒకటే. ఒక రకం మోకాలెత్తు దాటింది. రెండోది జానెడు దగ్గరే ఆగింది, పాత ఆకులు ఊదా రంగుకు తిరిగాయి, నేలలో తడి ఉన్నా మధ్యాహ్నానికి వాడిపోతోంది. పీకి చూస్తే వేర్లు పొట్టిగా, లావుగా, గోధుమరంగులో ఉన్నాయి. పక్కవేర్లు మొటిమల్లా పొడుచుకొచ్చి ఆగిపోయాయి. వంచితే పుటుక్కున విరుగుతున్నాయి. బాగున్న రకంలో వేర్లు తెల్లగా సన్నగా ఉన్నాయి, దులిపినా మట్టి వదలడం లేదు.

ఆమ్లత్వంలో మొక్కను దెబ్బతీసేది అసలు ఏది? తట్టుకునే రకం లోపల ఏం చేస్తోంది? అలాంటి రకం దొరికితే ఇక సున్నం మానేయవచ్చా? ఇదే నేలలో తర్వాతి పంటగా కంది, వేరుశనగ అనుకుంటున్నాను, వాటి సంగతి కూడా చెప్పండి.

---

వేరుకొన

పీహెచ్ అంకెను కాసేపు పక్కన పెట్టి ఆ 1.3 చూడండి. మీ నాలుగు అంకెల మొత్తం 3.0. అందులో అల్యూమినియం వాటా 43 శాతం. తట్టుకోలేని పంటలు 10–15 శాతం దాటగానే దెబ్బతింటాయి. 43 శాతం దగ్గర రకాల మధ్య తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మీ పొలంలో జరిగింది అదే.

ఆమ్లత్వం, అంటే హైడ్రోజన్ అయాన్లు, నేరుగా వేరును దెబ్బతీయడం పీహెచ్ 4 దరిదాపులకు దిగాకే పెద్ద సమస్య. 4.8 దగ్గర అసలు శత్రువు అల్యూమినియం. ఆక్సిజన్, సిలికాన్ తర్వాత భూపటలంలో ఎక్కువగా ఉన్న మూలకం అదే. బంకమట్టి ఖనిజాల్లో బిగుసుకుని ఉన్నంత కాలం దానివల్ల హాని లేదు. పీహెచ్ 5.5 కిందికి దిగుతున్న కొద్దీ కరుగుతుంది. 5 కిందికి వచ్చేసరికి మూడు ధనావేశాలున్న అయాన్‌గా మట్టి నీటిలో తిరుగుతుంది.

అది దెబ్బకొట్టేది వేరు కొనను. మొక్కజొన్న వేరుపై ఈ సంగతిని విడివిడిగా పరీక్షించారు. కొనను తప్పించి మిగతా వేరంతటికీ అల్యూమినియం తగిలించినా పెరుగుదల పెద్దగా తగ్గలేదు. కొనకు మాత్రమే తగిలిస్తే ఆగిపోయింది. అందులోనూ బాగా సున్నితమైన చోటు కొన నుంచి 1–2 మిల్లీమీటర్ల వెనక, కణాలు విభజన ముగించి సాగడం మొదలుపెట్టే భాగం. కణగోడలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం మీద కాల్షియం కూర్చోవాల్సిన చోట్లను అల్యూమినియం ఆక్రమిస్తుంది. గోడ బిగుసుకుపోయి కణం సాగలేదు. సున్నితమైన రకంలో గంట తిరక్కుండానే ఈ మందగింపును కొలవవచ్చు. పొడవుకు సాగలేని కణాలు అడ్డంగా ఉబ్బుతాయి. మీరు చూసిన లావు వేరు, మొటిమల్లాంటి పక్కవేర్లు అలా వచ్చినవే.

ఆకులపై ఊదా రంగు భాస్వరం లోపం. నేలలో భాస్వరం ఉన్నా అల్యూమినియం, ఇనుము దాన్ని పట్టేస్తాయి. పట్టినది పోగా మిగిలిన దాన్ని వెతికి తెచ్చుకోవడానికి వేరు లేదు. తడి ఉన్నా వాడడానికీ కారణం అదే, పై అరచేతి మందం దాటి వేరు కిందికి దిగలేదు.

ఇక తట్టుకునే రకం చేసే పని. కాపాడుకోవాల్సింది కొన దగ్గరి కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి మొక్క తన కాపలా అంతా అక్కడే పెడుతుంది. ఈ విషయం అందరికంటే బాగా తెలిసింది గోధుమలో. కొన కణాల పొర మీద ఏఎల్‌ఎంటీ1 అనే ప్రోటీన్ మూసిన తలుపులా ఉంటుంది. అల్యూమినియం వచ్చి తాకితే ఆ తలుపు తెరుచుకుని మాలిక్ ఆమ్లం, అయాన్ రూపంలో మాలేట్, నిమిషాల్లో బయటికి వస్తుంది. మాలేట్ పట్టుకున్న అల్యూమినియం కణగోడకు అంటుకోలేదు. శత్రువే వచ్చి తలుపు తట్టి తన మీదికి బేడీలు రప్పించుకుంటుందన్నమాట. ఈ జన్యువును 2004లో గుర్తించారు. సున్నితమైన గోధుమలోనూ అది ఉంటుంది, పని చేసే మోతాదే తక్కువ.

జొన్న, బార్లీ వాడేది సిట్రేట్. దాన్ని బయటికి పంపేవి మేట్ కుటుంబానికి చెందిన ప్రోటీన్లు, ఈ రెండు పంటల్లోనూ 2007లో బయటపడ్డాయి. సిట్రేట్ పట్టు మాలేట్ కంటే గట్టిది. జొన్నలో మాత్రం ఈ కాపలా పూర్తి బలం అందుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, ఎందుకంటే అల్యూమినియం తగిలాక జన్యువు పని పెంచుకోవాలి. రై అనే ధాన్యపు పంట మాలేట్, సిట్రేట్ రెండూ వదులుతుంది. మీ మొక్కజొన్నలోనూ మేట్ జన్యువే. బాగా తట్టుకునే కొన్ని వంశక్రమాల్లో ఆ జన్యువు ఒకటికి బదులు వరసగా మూడు ప్రతులు ఉన్నట్టు 2013లో తేలింది.

వరి దారి వేరు. గోధుమ, మొక్కజొన్నల కంటే ఎక్కువగా తట్టుకుంటుంది, కానీ సిట్రేట్ మీద పెద్దగా ఆధారపడదు. కణగోడను మార్చుకునే ప్రోటీన్ల జత ఒకటి ఉంది. దానితోపాటు ఎన్‌ర్యాట్1 అనే ప్రోటీన్ గోడ దగ్గరి అల్యూమినియాన్ని కణం లోపలికి లాగుతుంది, ఇంకొకటి దాన్ని కణంలోని రిక్తిక అనే నిల్వ సంచిలోకి తోసి తలుపేస్తుంది. బయటే ఆపడం బదులు లోపలికి తెచ్చి బంధించడం.

ఆ పద్ధతిలో తేయాకును మించినది లేదు. ముదురు ఆకుల ఎండు బరువులో అల్యూమినియం 3 శాతం దాకా చేరగలదు, పైగా కొద్ది మోతాదు అల్యూమినియం ఉంటేనే వేర్లు బాగా పెరుగుతాయి. బక్‌వీట్ ఆక్సాలిక్ ఆమ్లంతో కట్టి ఆకుల్లో దాచుకుంటుంది. హైడ్రేంజియా పూలు ఆమ్ల నేలలో నీలంగా పూయడం కూడా అల్యూమినియం పనే.

---

ఎర్రచెలక

చాలా స్పష్టంగా ఉందండీ. అయితే మొక్కే అల్యూమినియాన్ని కట్టేస్తున్నప్పుడు, తట్టుకునే రకం వేసి సున్నం ఆపేస్తే నష్టమేమిటి?

---

దుక్కిసాలు

ఆపకండి. ఆ రకం తనకు తాను వేరును కాపాడుకుంటుంది, నేలను బాగుచేయదు. ఈ రక్షణ అల్యూమినియం వరకే. కాల్షియం 1.1, మెగ్నీషియం 0.4 ఉన్న నేలలో ఆ లోటును మాలేట్, సిట్రేట్ పూడ్చలేవు. మాంగనీసు విషాన్ని కూడా అవి ఆపవు. అదైతే వేరు మీద కాదు, ఆకు మీద తేలుతుంది: పాత ఆకుల్లో ముదురు గోధుమ చుక్కలు, పత్తిలో ఆకు ముడుచుకుపోవడం. పైగా ప్రతి పంటా నేలను ఇంకాస్త ఆమ్లం వైపే నెడుతుంది. ఈ ఏడు 43 శాతం దగ్గర నిలబడిన రకం, 65 శాతం దగ్గర నిలబడాలని లేదు.

సున్నం లెక్క మీ అల్యూమినియం అంకె నుంచే చేద్దాం. హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 20 లక్షల కిలోలు. కిలోకు 1 సెంటీమోల్ అల్యూమినియాన్ని తటస్థం చేయడానికి సరిగ్గా 1 టన్ను శుద్ధ కాల్షియం కార్బొనేట్ కావాలి. సేంద్రియ పదార్థం మీది ఆమ్లత్వం కూడా కొంత సున్నాన్ని తినేస్తుంది కాబట్టి 1.5తో గుణిస్తారు, సున్నితమైన పంటకైతే 2తో. మీకు 1.3 × 1.5 = 1.95 టన్నులు. సున్నపురాయి పొడి తటస్థ శక్తి (శుద్ధ కాల్షియం కార్బొనేట్‌తో పోలిస్తే ఆమ్లాన్ని తీర్చే బలం) 85 శాతం అయితే 1.95ను 0.85తో భాగించండి, హెక్టారుకు 2.3 టన్నులు, అంటే ఎకరాకు 930 కిలోల చిల్లర. దీనితో పీహెచ్ 5.5 దగ్గరికి వస్తుంది, అల్యూమినియం దాదాపు పోతుంది. అంతకు మించి 7 దాకా తోయాలని చూడకండి. ఇలాంటి తేలిక నేలలో సున్నం ఎక్కువైతే జింకు, బోరాన్, మాంగనీసు లోపాలు వస్తాయి, అవి సరిచేసుకోవడం ఇంకో తలనొప్పి.

ఏ సున్నం కొంటున్నారో చూసుకోండి. కాల్షియం కార్బొనేట్‌ను 100 అనుకుంటే శుద్ధ డోలమైట్ 109, తడి సున్నం 135, కాల్చిన పొడి సున్నం 179. మీకు మెగ్నీషియం తక్కువ కాబట్టి డోలమైట్ నా మొదటి ఎంపిక. పొడి మెత్తదనం అన్నిటికంటే ముఖ్యం. 60 మెష్ జల్లెడ దాటిన పొడి ఆ పంటకాలంలోనే పనిచేస్తుంది. గసగసాల కంటే లావు పలుకులు ఏళ్ల తరబడి మట్టిలో రాళ్లలా పడి ఉంటాయి. బస్తా మీద శాతం ఎంత రాసి ఉన్నా పిడికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి, పిండిలా జారాలి.

విత్తడానికి కనీసం మూడు నాలుగు వారాల ముందు, నేలలో తడి ఉన్నప్పుడు చల్లి, సగం మోతాదు దున్నకముందు, సగం దున్నాక వేసి 15 సెంటీమీటర్ల లోతు దాకా కలపండి. పైన చల్లి వదిలేస్తే ఏళ్లు గడిచినా కొద్ది సెంటీమీటర్లే దిగుతుంది. అదే రోజు యూరియాతో గానీ అమ్మోనియం ఎరువులతో గానీ కలిపి వేస్తే నత్రజని అమ్మోనియాగా గాలికి పోతుంది.

తట్టుకునే రకం విలువ మీకు కింద పొరలో తెలుస్తుంది. సున్నం 15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, ఆ కింద అల్యూమినియం అలాగే ఉంటుంది. సున్నితమైన రకం సున్నం వేసిన పొరలోనే తిరిగి, పది రోజులు వాన ఆగితే ఎండిపోతుంది. తట్టుకునే రకం కిందికి దిగి నీళ్లు తెచ్చుకుంటుంది. అందుకే 15–30, 30–45 సెంటీమీటర్ల మట్టిని కూడా విడిగా పరీక్షకు పంపండి. పై పొర ఒక్కటే పంపడం నేను చూసే అతి మామూలు పొరపాటు.

---

పచ్చిరొట్ట

కింద పొర కోసం జిప్సం వేస్తే పీహెచ్ పెరుగుతుందని అంటారు, అది కలిపితే?

---

దుక్కిసాలు

జిప్సం పీహెచ్ పెంచదండీ, దాని తటస్థ శక్తి సున్నా. పని మాత్రం చేస్తుంది. సల్ఫేట్ నీటితో కిందికి దిగుతూ కాల్షియాన్ని వెంట తీసుకెళ్తుంది, అక్కడి అల్యూమినియంతో జతకట్టి దాని విషం తగ్గిస్తుంది. సున్నానికి బదులు కాదు, సున్నం వేశాక కింద పొరకు తోడు. ఎక్కువ వేస్తే మెగ్నీషియాన్ని కూడా కిందికి తోసేస్తుంది, మీ 0.4కి అది ప్రమాదం.

ఎరువు ఎంపిక కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమ్మోనియం నేలలో నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఆ నైట్రేట్‌ను మొక్క తీసుకుంటే కొంత సర్దుకుంటుంది, వానకు కొట్టుకుపోతే ఆమ్లం నేలలోనే మిగులుతుంది. మొత్తం కొట్టుకుపోయే పరిస్థితిలో, కిలో నత్రజనిని యూరియాగా వేస్తే దాని ఆమ్లాన్ని తీర్చడానికి 3.6 కిలోల కాల్షియం కార్బొనేట్ కావాలి, అమ్మోనియం సల్ఫేట్‌గా వేస్తే 7.2 కిలోలు. కాల్షియం నైట్రేట్ అయితే వేరు చుట్టూ పీహెచ్ కాస్త పెరుగుతుంది కూడా. ఒకే దఫాలో గుమ్మరించకుండా పంట తీసుకునే వేళకు విడతలుగా వేయడం వల్ల సున్నం ఖర్చు కూడా ఆదా అవుతుంది. పశువుల ఎరువు, పచ్చిరొట్టలోని సేంద్రియ ఆమ్లాలు వేరు వదిలే సిట్రేట్ చేసే పనే చేస్తాయి, అల్యూమినియాన్ని పట్టుకుంటాయి.

---

వేరుబుడిపె

కంది, వేరుశనగ సంగతి. పప్పుజాతిలో మొక్క కంటే ముందు దెబ్బతినేది బుడిపె. మూలకేశం దగ్గర రైజోబియం (బుడిపెల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా) అంటుకుని లోపలికి చొరబడే తొలి దశ ఆమ్లానికీ కాల్షియం కొరతకూ అతి సున్నితం. ఆకు పచ్చగానే ఉంటుంది, పూత వేళకు పాలిపోతుంది. పీకి నాలుగు బుడిపెలు గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ ఎరుపు ఉంటే నత్రజని పని నడుస్తోంది. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే నడవడం లేదు.

బుడిపెలు ఉన్నా తెల్లగా ఉన్నాయంటే నేను మొదట అనుమానించేది మాలిబ్డినం. మిగతా సూక్ష్మ పోషకాలకు భిన్నంగా ఇది ఆమ్ల నేలలోనే అందదు. కావలసింది హెక్టారుకు మూలకంగా 50–100 గ్రాములే. సోడియం మాలిబ్డేట్‌లో 39 శాతం ఉంటుంది కాబట్టి ఉప్పుగా 130–250 గ్రాములు, ఆకులపై పిచికారీగా. ఆ లవణాన్ని రైజోబియంతో కలిపి విత్తనానికి పట్టిస్తే బ్యాక్టీరియా చచ్చే ప్రమాదం ఉంది, రెండూ విడిగా వేయండి. మోతాదు మించితే పంట తిన్న పశువుల్లో రాగి లోపం వస్తుంది, చిటికెడు ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకోవద్దు.

విత్తనానికి జిగురు, రైజోబియం పట్టించాక పైన మెత్తని కాల్షియం కార్బొనేట్ పొడి పూత వేస్తే మొలకెత్తే చోట బ్యాక్టీరియాకు చిన్న ఆశ్రయం దొరుకుతుంది. పొడి కార్బొనేట్‌దే కావాలి. తడి సున్నం, కాల్చిన సున్నం వాడితే ఘాటుకు బ్యాక్టీరియా మొత్తం పోతుంది. ఈ పని పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

కందికి ఒక మంచి గుణం ఉంది. దాని వేరు వదిలే పిసిడిక్ ఆమ్లం ఇనుముతో బిగిసిన భాస్వరాన్ని విడిపిస్తుందని 1990లో ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధన చూపించింది. ఎర్ర నేలల్లో కంది తర్వాతి పంట బాగుండడానికి అదొక కారణం.

వేరుశనగలో అల్యూమినియం కంటే కాల్షియం మీద కన్నేయండి. కాయ నేలలో పెరుగుతుంది. వేరు పీల్చిన కాల్షియం నీటితో ఆకులకు ఎక్కుతుందే తప్ప ఆకుల నుంచి కాయకు దిగదు. కాయ తన కాల్షియాన్ని తన చుట్టూ ఉన్న మట్టి నుంచే పీల్చుకోవాలి. అందక పోతే లొట్ట కాయలు, గింజ పగలదీస్తే మొలక మొగ్గ నల్లబారి ఉంటుంది. ఊడలు దిగే వేళకు ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి. ఇక్కడ జిప్సం కాల్షియం కోసం, ఆమ్లత్వం కోసం కాదు.

---

మడికట్టు

వరి అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. పైన చెప్పిన అల్యూమినియం కథ మెట్ట వరికి. నీళ్లు నిలిపిన మడిలో రెండు మూడు వారాల్లో ఇనుము క్షయకరణం చెంది పీహెచ్ దానంతట అదే 6.5 పైకి పోతుంది, అల్యూమినియం అడ్డు తొలగుతుంది. దాని బదులు కరిగిన ఇనుము వస్తుంది. పాత ఆకుల కొనల నుంచి చిన్న చిన్న కంచు రంగు మచ్చలు పాకితే అదే.

వేర్లు కడిగి చూడండి. తుప్పు రంగు పూత ఉంటే వేరు ఆక్సిజన్ వదిలి ఇనుమును బయటే గడ్డకట్టిస్తోంది, రక్షణ పనిచేస్తోంది. నల్లగా మారి కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఊపిరాడడం లేదు. నీరు తీసి కొద్ది రోజులు ఆరనివ్వండి, పొటాష్, జింకు సరిచూడండి. ఆమ్ల గంధక నేలల్లో మాత్రం ఈ పని చేయకండి. ఆరబెడితే వాటిలోని పైరైట్ అనే ఇనుము-గంధకం ఖనిజానికి గాలి తగిలి గంధకామ్లం పుట్టి పీహెచ్ 4 కిందికి పడిపోతుంది.

---

ఎర్రచెలక

ఒక్క చివరి మాట. వేరే రకం తట్టుకుంటుందో లేదో విత్తే ముందే తెలుసుకునే దారి ఉందా?

---

వేరుకొన

ఉంది, కొద్ది రోజుల పని. పీహెచ్ మీటరు, స్వేదనజలం, కాల్షియం క్లోరైడ్, అల్యూమినియం క్లోరైడ్ కావాలి.

లీటరు నీటికి కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 73 మిల్లీగ్రాములు కలిపి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 4.5కి తెండి. అల్యూమినియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 2.41 గ్రాములు లీటరు నీటిలో కరిగించి నిల్వ ద్రావణం చేసుకోండి. దీన్ని లీటరుకు 1 మిల్లీలీటరు వేస్తే 10 మైక్రోమోలార్, 5 వేస్తే 50. గోధుమ, బార్లీలకు 10 చాలు, వరికి 50 కావాలి. మొక్కజొన్నకు రెండింటి మధ్య రెండు మూడు మోతాదులు పెట్టి చూడండి.

వేర్లు 3–4 సెంటీమీటర్లు వచ్చిన మొలకలను ఒక్కొక్క దాని ప్రధాన వేరు స్కేలుతో కొలిచి, రకానికి పది చొప్పున అల్యూమినియం ఉన్న డబ్బాలో, పది లేని డబ్బాలో వేలాడదీయండి. 24 గంటలయ్యాక మళ్లీ కొలిచి, అల్యూమినియంలో పెరిగిన పొడవును లేనిదాంట్లో పెరిగిన పొడవుతో భాగించి వందతో గుణించండి. ఒక రకం 80 దగ్గర, ఇంకోటి 30 దగ్గర వస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

రంగుతో కూడా చూడవచ్చు. 0.2 శాతం హిమటాక్సిలిన్ అనే రంగు, 0.02 శాతం పొటాషియం అయొడేట్ కలిసిన ద్రావణంలో ఆ వేర్లను 15 నిమిషాలు ముంచి, నీటిలో బాగా కడగండి. గోధుమ రకాలను వేరుచేయడానికి 1978 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. అల్యూమినియం చేరిన కొన సిరాలో ముంచినట్టు ముదురు ఊదా రంగుకు తిరుగుతుంది. దాన్ని బయటే ఆపిన వేరు కొన తెల్లగానే మిగులుతుంది.

తప్పు జరిగేది మూడు చోట్ల. ద్రావణంలో భాస్వరం ఉంటే అల్యూమినియం దానితో గడ్డకట్టి అడుగుకు దిగిపోతుంది, అన్ని రకాలూ తట్టుకునేవిగానే కనిపిస్తాయి. అందుకే పోషక ద్రావణం వద్దు, కాల్షియం ఒక్కటే. రెండు, పీహెచ్ 5 వైపు జారినా అదే మోసం, పన్నెండు గంటలకోసారి మీటరు పెట్టి సరిచేయండి. మూడు, అల్యూమినియం లేని డబ్బాను మామూలు నీటితో నింపకండి. దాని పీహెచ్ కూడా 4.5 ఉండాలి, లేకపోతే మీరు కొలిచింది అల్యూమినియం దెబ్బో ఆమ్లం దెబ్బో విడదీయలేరు.